మలాక్కా అన్న, జొహోర్ చెల్లి

"మామ్మా, ఉండడానికి మలాక్కా బాగుంటాదా, జేబీ బాగుంటాదా?"

ఏటే కమలా, ఇన్నాళ్ళకి తెలుగులో ఒక పూర్తి మాట అడిగినావు. సంతోషం. ఉండడానికా? తిరగడానికైతే మీ నాన్నని అడుగు, కారుంది కదా ఆడికి. ఉండడానికంటే అది వేరే మాట. ఆగు, ఆ ఫేను కూసింత తగ్గించు, నా మాట నాకే ఇనపడ్డం నేదు. ఆఁ. ఇలగ వచ్చి కూకో.

తెలుసులే నాకు. పొద్దున్న మీ నాన్న ఫోన్లో అరస్తా ఉంటే ఇన్నాను. పెళ్ళయ్యాక మీరిద్దరూ మలాక్కాలో ఉండాలని ఈడు. క్లాంగు నించి దగ్గరట, అనుకున్నదే తడవుగా ఎల్లి సూసి రావొచ్చట. మీరు జేబీ అంటారే, ఆ జొహోర్లో ఉండాలని మీ అత్తోరు. నాను కుర్సీలో కూకుని నవ్వుకున్నాను. నవ్వు కాదులే. నవ్వని ఎలగంటాను. ఈ గొడవ నా సెవులు ఒకసారి ఇన్నాయే తల్లీ, అవే రెండూళ్ళు. జపానోడు రాకముందు మాట.

మాయయ్య పేరు అప్పన్న. ఆయన సెల్లెలు పైడమ్మ, నాకు మేనత్త. ఇశాపట్నంలో ఒకే ఓడెక్కి ఈ మలాయా దేశం వచ్చినారు, అన్నా ఆయన పెళ్ళామూ, సెల్లీ ఆవిడ మొగుడూ. ఓడలో కడుపులో తిప్పితే ఒకల తల ఒకలు పట్టుకున్నారట. దిగింది మలాక్కా దగ్గర రబ్బరు తోట. నాను పుట్టింది ఆ తోటలో కూలోల్లకి వరసగా కట్టిన లైనింట్లోనే. అత్త కొడుకు సింహాద్రి నాకంటే ముందు పుట్టినాడు, అదే లైన్లో. నాను నేలమీద పడగానే, మంత్రసాని ఆడపిల్లని సెప్పక ముందే, అత్త గుమ్మంలోంచి "నా కోడలొచ్చిందర్రా" అని కేకేసినాదట. మేనరికం కదా మరి. అది ఒకలు అడిగేదీ కాదు, ఒకలు ఇచ్చేదీ కాదు. పొద్దుటికి పొద్దు పొడిసినట్టే, అలగనుకునేవోలం.

మరైతే గొడవెక్కడొచ్చిందీ అంటే, మావకి రైల్లో పని దొరికినాది. జొహోరుకీ సింగపూరుకీ మజ్జిన సముద్రంలో రాళ్ళ కట్ట పోసి కాజ్‌వే కడతన్న రోజులవి. ఆల్లు జొహోరెలిపోనారు. అయ్య తోట పని మానీసి మలాక్కా టౌనుకొచ్చి రోడ్డు పనిలో సేరినాడు. అంతవరకూ అన్నాసెల్లెళ్ళు ఒక కుండలో కూడు తిన్నోళ్ళా! ఎప్పుడైతే రెండూళ్ళు అయినాయో, అప్పట్నించి ఎవలి ఊరు ఆలకి దేవుడైపోనాది. ఎందుకో తెల్సా? నాననుకుంటాను, విడిపోనామన్న బాధ పైకి సెప్పుకోలేక ఊరి మీదికి తోసీసినారని. అప్పుడు నాకంత బుద్ది నేదు. ఇప్పుడనిపిస్తాది.

అత్త ఏడాదికోసారి రైల్లో వచ్చేది. దిగీ దిగకముందే ముక్కు మూసుకునేది. "ఒలమ్మో, ఏటన్నా ఈ కంపు! మీ ఊరోల్లు ఇంకా రొయ్యపొట్టు ఎండెట్టడం మానలేదేటి?" అనేది. బెలాచాన్ లా, ఆ రొయ్యపొట్టు ముద్ద, నీకు తెల్సు కదా, మలాక్కా బెలాచాన్ అంటే ఇప్పటికీ పేరే. అయ్య ఊరుకుంటాడేటి? "నీ జొహోరొక ఊరేనేటే? సింగపూరోడింటికి ఎల్లేవోల్లు గుమ్మంలో సెప్పులిప్పుకునే సోటు" అనేవోడు. అమ్మ నవ్వాపుకోలేక మొకం తిప్పుకునేది.

అత్త లెక్కలో జొహోరు అంటే ఏటనుకున్నావు! సుల్తాను ఊరు. రోడ్డు మీద ఆకు పడితే తీసీసేవోడుంటాడు. కొళాయి తిప్పితే నీళ్ళు. సాయంత్రమైతే అవతల ఒడ్డున సింగపూరు దీపాలు, డబ్బు పెట్టకుండా సూసుకోవచ్చు. "మీ మలాక్కా ముసల్దన్నా, ఎప్పుడో రాజులున్నారట, ఎప్పుడో పెద్దోడలొచ్చేవట. ఇప్పుడేటున్నాది? బురద." అయ్యకి ఆ మాట తగిలేది. నిజమే కదా మరి, ఆ సముద్రం బురదగానే ఉండేది. అయినా అయ్య అనేవోడు, "బురదైతే ఏటి, మా ఊల్లో పక్కింటి మలాయావిడ కూరొండితే మాకో గిన్నె పంపిస్తాది. మీ ఊల్లో పోలీసోడు తప్ప పలకరించేవోడు లేడు" అని. పాసార్‌లో, అదే బజార్లో, సేపలు నాలుగు డబ్బులకే వచ్చేవి, కాఫీ రెండు సెంట్లు. రెండా మూడా... రెండే.

మలాక్కాలో చిట్టిలని ఉంటారు, ఎరుగుదువా? ఎన్ని తరాల కిందటో తమిళ దేశం నించి వచ్చి, బొట్టెట్టుకుంటారు, గుడికెల్తారు, మాట మాత్రం మలాయి. అత్త ఆలని సూపించి, "సూడన్నా, రేపు నీ మనవలూ ఇలగే, అమ్మోరి ముందు నిలబడి మలాయిలో మొక్కుతారు" అనేది. అయ్య సేతిలో ఉన్నది కింద పెట్టి లేసి ఎలిపోయేవోడు. అత్తా, ఇప్పుడు నీ మాట ఏటయినాదే! మలాక్కాలో ఉన్నోలకీ అదే గతి, జొహోర్లో ఉన్నోలకీ అదే గతి. క్లాంగులో నువ్వున్నావు, అమ్మోరికి ఇంగ్లీషులో మొక్కుతావు. నవ్వకు, నాను ఇన్నాను మొన్న పరీచ్చలప్పుడు.

ఇంకోటి సెప్పాల. జొహోర్లో శుక్రోరం సెలవు, సుల్తాను రాజ్యం కదా. మలాక్కాలో ఆదోరం. అత్త సర్కారు కచేరీ తోటలో గడ్డి కోసే పని సేసేది. అక్కడ ఖాళీ ఉన్న రోజు ఇక్కడ పని, ఇక్కడ ఖాళీ ఉన్న రోజు అక్కడ పని. ఒకలింటికి ఒకలు రావాలంటే ఎవలో ఒకలు కూలి ఒదులుకోవాల. దానికీ పంతమే. "ఆడొచ్చినాడా ఈ ఏడు?" "అదొచ్చినాదా?" అలగ లెక్కేసుకునేవోరు.

జొహోరు నాను ఒక్కసారే సూసినాను, సిన్నప్పుడు. అయ్యతో ఎల్లినాను. ఊరు ఎలగుందని అడక్కు, నాకు గురుతు నేదు. బావ గురుతున్నాడు. సింహాద్రి బావ నన్ను నీళ్ళ ఒడ్డుకి తీసుకెల్లి, కాజ్‌వే మీద రైలొస్తా ఉంటే నా సెవులు తన సేతుల్తో మూసినాడు, కూతకి బెదిరిపోతానని. ఆ రైలు ఎలిపోయినా సేతులు తియ్యలేదు. నాను తియ్యమనలేదు. అంతే నాకు తెలిసిన జొహోరు. ఎవలైనా నన్నడిగుంటే, ఆడున్నూరే మంచూరని సెప్పీసుందును. బావంటే నాకిష్టం. ఇప్పుడు సెప్పడానికి సిగ్గేటి, మీ తాత లేడు, ఆడూ లేడు.

నాను పెద్దమనిషినైనప్పుడు అత్త వచ్చినాది. కాబోయే కోడలని సీర తెచ్చినాది, సిమ్మిలి ఉండలు తెచ్చినాది, రైల్లో ఒళ్ళో పెట్టుకుని. సీర రంగు ఎలగుంటాదంటే... మావిడి సిగురు రంగు. ఇంటి నిండా మనోళ్ళు. నన్ను పీట మీద కూకోబెట్టినారు. అందరికీ ఆకులేసినారు, అన్నం వడ్డించినారు. అప్పుడు ఎవలో ముసలాయన, పేరు గురుతు నేదు, ఏదో నవ్వులకి అన్నాడు, "అప్పన్నా, పిల్ల కాపరం ఎక్కడ్రా, నీ ఊల్లోనా మీ సెల్లి ఊల్లోనా?"

అయ్య అన్నాడు, "ఒక్కగానొక్క పిల్ల. నా కళ్ళముందే ఉంటాది. అల్లుణ్ణి ఇక్కడికి రమ్మంటాను, రోడ్డు పనిలో పెట్టిస్తాను."

అత్త సెయ్యి అన్నంలోనే ఆగిపోనాది. "నా కొడుకు ఇల్లరికం వస్తాడేటి? రైల్లో ఉద్యోగం ఒదిలి నీ బురదూళ్ళో రాళ్ళు కొడతాడేటి?" అన్నాది.

"బురదూరే నిన్ను బతికించినాది" అన్నాడు అయ్య.

అక్కడితో ఆగుంటే బాగున్ను. ఆగలేదు. ఊరి మాట ఊరు దాటి మనుసుల మీదికొచ్చినాది. మావ సేసే పనిని ఎత్తిపొడిసినాడు అయ్య, అమ్మ పుట్టింటిని ఎత్తిపొడిసినాది అత్త. ఆకరికి లేసి నిలబడి అత్త ఏటన్నాదో తెల్సా? "నీ పిల్లని నీ మలాక్కాకే ఇచ్చి పెళ్ళి సెయ్యి!" అని, సెయ్యి కడుక్కోకుండా, తిన్న ఆకు అలగే ఒదిలీసి, స్టేషనుకెలిపోనాది. పెట్టిన అన్నం మీద అలిగి పోనాది మాయత్త. నాను పీట మీదే ఉన్నాను, సిమ్మిలి నోట్లో ఉన్నాది, మింగాలో ఉమ్మాలో తెలీలేదు.

ఇప్పుడిను, మనోల్ల తెలివి సూడు. ఆడపడుసు అన్నం మీద అలిగి పోతే, అన్న పసుపూ కుంకం పట్టుకుని ఎల్లి పిలుసుకు రావాల. అది మన మరేద. అత్త దాని మీద కూకున్నాది, అన్నొచ్చి పిలవాలని. అయితే పిల్ల తండ్రి తనంత తాను గెడప దాటి పిల్లనిస్తాననకూడదు, పిల్లోడి వేపు వోల్లొచ్చి అడగాల. అదీ మన మరేదే. అయ్య దీని మీద కూకున్నాడు. రెండూ మరేదలే! ఒకలు అన్నగా ఎల్తే సరిపోయేది, ఒకలు వియ్యపరాలిగా వస్తే సరిపోయేది. "రాదేటి, మేనరికం ఎక్కడికి పోద్ది" అని ఈయన. "పిలవడేటి, నా కోడలు ఎక్కడికి పోద్ది" అని ఆవిడ. ఎక్కడికి పోద్దీ అనుకున్న మనిషిని ఎవలూ సూళ్ళేదు, అక్కడే గెడపలో నిలబడుంటే.

అలగ ఉండగా రబ్బరు ధర పడిపోనాది. అబ్బ, ఆ రోజులు సుసా లా, అంత కష్టం, సెప్పడానికి కాదు. తోటలు మూసీసినారు. పనుల్లేనోళ్ళని ఓడెక్కించి తిప్పి పంపించీసేవోరు. మొన్నటిదాకా పక్కింట్లో ఉన్నోలు మూటలు కట్టుకుని రేవుకి ఎల్లిపోయేవోరు. రోడ్డు పనిలోనూ సగం మందిని తీసీసినారు. అయ్యకి బెంగట్టుకున్నాది, రేపు నన్నూ ఎక్కించీస్తే పెళ్ళీడు పిల్లని ఏం సేసుకుంటాననీసి. అమ్మ ఏడ్సి సెప్పినాది, "నీ సెల్లికి ఒక మాట పంపించయ్యా" అని. "ఈ నెల సూద్దాం, వస్తాది" అన్నాడు. పై నెలా అదే మాట.

అప్పుడొచ్చినారు మీ తాతోల్లు. ఎక్కడో పైన, ఉత్తరాన, హుటాన్ మెలింటాంగ్ వేపు కొబ్బరి తోటలో ఉండేవోరు. మనూరి మనుసులే, ఎవలో సెప్తే ఇని, అంత దూరం నించి ఆకులూ వక్కలూ పట్టుకుని, గుమ్మంలో నిలబడి, "మీ పిల్లని మాకియ్యండి" అని నోరారా అడిగినారు. అయ్య వీధి కేసి సూసినాడు. సెల్లి వస్తాదేమో అన్నట్టు సూసినాడే, నాను సూసినాను ఆ మొకం. ఆ తరవాత తాంబూలం అందుకున్నాడు.

మీ తాత మంచోడు, సెడ్డగా అనకు. నామీద సెయ్యెత్తలేదు, తాగలేదు. అబద్దం ఎందుకు, పండక్కి తాగేవోడు. పిల్లల్ని నెత్తి మీద పెట్టుకుని పెంచినాడు. కడుపు నిండా అన్నం పెట్టినాడు. అది వేరు. ఇది వేరు.

తాంబూలం అయిన తరవాత ఒక ఆదోరం. అయ్య ఇంట్లోనే ఉన్నాడు. బయట సైకిలు రిచ్చా... రిచ్చా కాదు, అప్పుడింకా మనిసి లాగే బండే. అది ఆగినాది. సింహాద్రి బావ దిగినాడు. ఒక్కడే. తెల్లసొక్కా, సేతిలో పళ్ళెం, దాంట్లో ఆకులూ వక్కలూ పువ్వులూ, మీద రుమాలు కప్పి. తల్లి లేకుండా ఆడే పట్టుకొచ్చినాడు. మగపిల్లాడు తన పిల్లని తనే అడగడం ఎక్కడైనా ఉన్నాదా ఆ రోజుల్లో? సిగ్గుతో సెవులు ఎర్రగా అయిపోనాయి.

గుమ్మంలోనే సెప్పీసినాడు, ఊపిరి తీసుకోకుండా. "మావా, రైల్లో నా పని గెమాస్‌కి మార్పించుకున్నాను. పట్టాలు మార్సే పనే, అక్కడ. క్వార్టర్సు ఇచ్చినారు, రెండు గదులు. మలాక్కా నించి ఒక పూట, జొహోరు నించి ఒక పూట. నీ ఊరూ కాదు, మాయమ్మ ఊరూ కాదు. ఎవలూ ఎవలికీ తగ్గక్కర్నేదు. ఒక గది మాకు, ఒక గది ఎవలొస్తే ఆలకి. ఆ కాయితం కోసమే ఇన్నాళ్ళు ఆగినాను, వట్టి సేతుల్తో ఎలగ రానని."

గెమాస్ తెల్సా నీకు? రైలు మారతారు, అంతే. ఊరు కాదది. ఎండ, బొగ్గు పొగ, నాలుగు కొట్లు. ఆ ఊరు మంచిదని ఎవలూ పంతం పట్టరు. అందుకే ఎంచుకున్నాడు.

అమ్మ సెప్పినాది, ఇలగ తాంబూలం పుచ్చేసుకున్నామని. బావ పళ్ళెం పట్టుకుని అలగే నిలబడిపోనాడు. ఇచ్చిన మాట, తిప్పుకోడానికి ఉండదు మనోల్లలో. అయ్య "అన్నం తిని ఎల్లరా" అన్నాడు. బావ తిన్నాడు. మెతుకు ఒదలకుండా తిన్నాడు, అమ్మ మళ్ళీ వడ్డిస్తే అదీ తిన్నాడు. సెయ్యి కడుక్కుని "ఎల్లొస్తాను మావా" అన్నాడు. నాను లోపల గోడకి ఆనుకున్నాను. నా కేసి రాలేదు. వస్తే ఏటి సేసుందునో నాకు తెలీదు. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

పెళ్ళయి అత్తోరింటికి ఎల్తా ఉంటే టాంపిన్‌లో బండి మారాల. మలాక్కా నించి వచ్చే సిన్నబండి అక్కడికే. అక్కణ్ణించి ఒక బండి కిందకి, గెమాసు వేపు. ఒకటి పైకి, మా వేపు. మీ తాత మూటలు మోసుకుని "ఇటు, ఇటు" అంటన్నాడు. ఎల్లినాను.

కొన్నేళ్ళకి అమ్మ పోనాది. అయ్యకి రోడ్డు పనీ నేదు, ఒంట్లో సత్తువా నేదు, ఒంటిగాడైపోనాడు. నానూ మీ తాతా ఎల్లి కాళ్ళట్టుకున్నాం, మాతో రా అయ్యా అని. ఏటన్నాడో తెల్సా? "కూతురింటి కూడు తినకూడదే" అన్నాడు. ఆ ఒక్క పిల్ల కళ్ళముందు ఉండాలనే కదా అంత రభస సేసింది! ఆ పిల్ల ఇంటికి మటుకు రాడు. ఎవలు తీసుకెల్లినారు? సింహాద్రి బావే. మేనల్లుడి ఇంట్లో తినొచ్చట. అప్పటికి మావ పోనాడు, అత్తా అక్కడే ఉన్నాది. బావకి పెళ్ళయినాది, పిల్లా పుట్టినాది.

అయ్యకి జొరమని తెలిస్తే ఎల్లినాను గెమాసు. అదే మొదలు, అదే ఆకరు. రైలు దిగి అడగక్కర్నేకుండా ఇల్లు తెలిసినాది, అత్త గొంతు ఇనపడి. ఇద్దరూ గుమ్మంలో సెరోవేపు కూకుని, పళ్ళు లేని నోళ్ళతో, "నీ జొహోరు సేపా ఒక సేపేనేటే" అని ఈయన, "నీ మలాక్కా బురదలో సేపెక్కడిదన్నా" అని ఆవిడ. ఎంత సుకమో ఆ ముసిలోల్లకి, ఏటి సెప్పను! బావ పెళ్ళాం ఒదినా అని నీళ్ళిచ్చినాది. మంచి మనిసి. రెండో గదిలో పక్కేసినాది నాకు, "మీరెప్పుడొచ్చినా ఈ గది మీదే" అన్నాది. ఆ గదిలో కూకుని ఏడ్సినాను. అందరూ ఉన్నారే ఆ ఇంట్లో, అన్నా సెల్లీ, ఆడూ, రెండు గదులూ, సెప్పినవన్నీ సెప్పినట్టే. నా సోట్లో నాను మాత్రం సుట్టంగా వచ్చినాను.

సూడు, ఏటో అడిగితే ఏటో సెప్తన్నాను. నువ్వడిగింది మలాక్కాయా జొహోరా అని కదా. నాకేటి తెల్సునే, నాను ఆ రెండూళ్ళలో ఏ ఊల్లోనూ కాపరం సెయ్యలేదు. అయ్య సెప్పినాడు, అత్త సెప్పినాది, పీట మీదున్న పిల్లని అడగలేదు. బావ ఎంతో మంచోడు, అంత దూరం ఆలోసించినాడు. ఆడూ మాయయ్యనే అడిగినాడు. నన్ను కాదు.

మీ నాన్నతో నాను మాటాడతాను. అరస్తే అరవనీ, నా కొడుకే కదా. మీ అత్తోల్లకి నువ్వే సెప్పు, నోరారా సెప్పు, ఆల్లే తెలుసుకుంటార్లే అనుకోకు. సల్లగా ఉండండి ఇద్దరూ, ఎక్కడున్నా. పిల్లా పాపల్తో...

ఇదిగో, ఇలగ నా కేసి సూడు. నీకెక్కడుండాలనుంది, కమలా? తెలుగు రాకపోతే ఇంగ్లీషులోనే సెప్పు. సెప్పు తల్లీ, ఇంటన్నాను.